విశ్వ వ్యాకోచం – పదార్థపు హెచ్చుతగ్గులు

విశ్వంలో పదార్థం అంతటా ఒక్క తీరుగా పరుచుకుని లేదు. కొన్నిచోట్ల గెలాక్సీలు వందలు, వేలుగా గుమిగూడి ఉంటాయి. మరికొన్నిచోట్ల కోట్ల కాంతి సంవత్సరాల మేర దాదాపు ఏమీ ఉండదు. ఈ విశ్వం వ్యాకోచిస్తోందని 1920ల చివరి నుంచీ తెలుసు. అయితే ఆ వ్యాకోచాన్ని లెక్కగట్టే సమీకరణాలు పదార్థమంతా నూరిన పిండిలా సమంగా పరిచి ఉందన్న ఊహ మీద నడుస్తున్నాయి. ఊహలోని విశ్వానికీ ఉన్న విశ్వానికీ మధ్య తేడా వల్ల లెక్క ఎంత మారుతుందన్నది విశ్వశాస్త్రంలో ఇంకా తెగని ప్రశ్న. మారుతుందని అందరూ ఒప్పుకుంటారు. ఎంత అన్నదాని దగ్గరే వాదం.

సగటులో దాగేది

కర్నూలు, కడప రైతులకు సగటు అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. నల్లమల వాలులో కురిసిన వాననూ, ఆదోని, ఆలూరు వైపు కురవని వాననూ కలిపి భాగిస్తే వచ్చే అంకె ఏ పొలంలోనూ పడిన వాన కాదు. ఇంతవరకు అందరికీ తెలిసినదే. దీని వెనక ఇంకో సంగతి ఉంది, మన విషయానికి అదే ముఖ్యం.

వంద మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. అది ఇరవై రోజుల్లో రోజుకు ఐదేసి మిల్లీమీటర్లుగా పడితే పైమట్టి తడుస్తుంది, మరునాటి ఎండకు ఆరిపోతుంది. వంకలో నీళ్ళు కదలవు. అదే వంద మిల్లీమీటర్లు ఒక్క రాత్రిలో కురిస్తే వంకలు పొంగుతాయి, కుంటలు నిండుతాయి, చెరువు అలుగు పారుతుంది. సగటు రెండింటికీ ఒకటే, చెరువుకు చేరిన నీళ్ళు మాత్రం వేరు. వాన ఎంత పెరిగితే పారే నీరు అంతే నిష్పత్తిలో పెరగదు. నేల తాగగలిగినంత తాగాక గానీ పారుదల మొదలే కాదు. ఇలాంటి సంబంధాన్ని గణితంలో అరేఖీయం అంటారు. సగటు వానను పట్టుకుని లెక్క వేస్తే చెరువు ఎండి ఉండాలి. ఒక్కో వానకు విడిగా లెక్క వేసి చివర కూడితే చెరువు నిండుతుంది. ముందు సగటు తీసి తర్వాత లెక్క వేయడం ఒక పని, ముందు లెక్క వేసి తర్వాత సగటు తీయడం ఇంకో పని.

ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 1915లో ఇచ్చిన సాధారణ సాపేక్ష సిద్ధాంత సమీకరణాలు ఈ కోవవే. పదార్థం స్థలకాలాన్ని వంచుతుంది, ఆ వంపులోని శక్తి మళ్ళీ వంపును పెంచుతుంది. 1922లో రష్యా గణితవేత్త అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ ఈ సమీకరణాలను విశ్వం మొత్తానికి సాధించినప్పుడు పదార్థమంతా సమంగా ఉందనుకున్నాడు. 1927లో బెల్జియం మతాచార్యుడు జార్జ్ లెమైత్ర్ అదే దారిన నడిచి వ్యాకోచాన్ని గెలాక్సీల వేగాలతో ముడిపెట్టాడు. 1929లో ఎడ్విన్ హబుల్ దూరానికి తగ్గట్టు గెలాక్సీల వేగం పెరుగుతోందని పరిశీలనతో చూపాడు. అంటే తొలినుంచీ విశ్వశాస్త్రం ముందు సగటు తీసి, తర్వాత లెక్క వేసింది. అది తప్పు చేయడం కాదు. చేతితో సాధించగల దారి అప్పటికి అదొక్కటే ఉంది.

నేల కింది బరువు

పదార్థపు హెచ్చుతగ్గులకూ గురుత్వానికీ ఉన్న సంబంధాన్ని చూడాలంటే రాయలసీమ నేల మంచి పాఠశాల. కడప పేరుతోనే భూవిజ్ఞానంలో స్థిరపడిన కడప బేసిన్ చంద్రవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఈ రాతి పొరలను కడప, కర్నూలు శ్రేణులుగా వర్ణిస్తూ విలియం కింగ్ 1872లో ప్రచురించిన గ్రంథం ఇప్పటికీ మూలాధారమే. గురుత్వమాపకం పట్టుకుని ఈ బేసిన్ మీద నడిస్తే నైరుతి భాగంలో ఆకర్షణ చుట్టుపక్కల కన్నా ఎక్కువగా నమోదవుతుంది. లోపల బరువైన అగ్నిశిల చొరబడి గడ్డకట్టి ఉందని భూభౌతిక శాస్త్రవేత్తల నిర్ణయం. మంగంపేట ముగ్గురాయి సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లు, సున్నపురాయిది 2.7 రెట్లు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల్లో సున్నపురాయి కరిగి 3,229 మీటర్ల పొడవున ఖాళీ ఏర్పడింది. నేల కింద ఖాళీ ఉన్నచోట ఆకర్షణ కాసింత తగ్గుతుంది. గుహ మనల్ని పైకి తోయడం లేదు, కిందికి లాగేది తక్కువైంది, అంతే. కానీ భూమి అంతటా ఒకే సాంద్రత ఉందనుకుని లెక్క రాసుకున్నవాడికి గుహ తోస్తున్నట్టే కనిపిస్తుంది.

ఈ తేడాలు మొత్తం గురుత్వంలో లక్షకు కొన్ని పాళ్ళు. చిన్నవే, కానీ వాటిని పట్టించుకోకపోతే కొలతలు దారి తప్పుతాయి. 1855లో కలకత్తాలో ఆర్చిడీకన్‌గా ఉన్న జాన్ ప్రాట్, భారత మహా త్రికోణమితీయ సర్వేలో తేలిన తేడాల మీద పనిచేస్తూ, హిమాలయాల బరువు తూకపు గుండును ఎంత పక్కకు లాగాలో లెక్కగట్టాడు. గుండు అందులో మూడో వంతే కదిలింది. పర్వతాల కింద తేలికైన వేర్లు ఉన్నాయన్న జ్ఞానం ఆ తేడాలోంచే పుట్టింది.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. కడప బేసిన్ లెక్కకు న్యూటన్ గురుత్వం చాలు. న్యూటన్ గురుత్వం రేఖీయం: రెండు రాళ్ళ ఆకర్షణ కావాలంటే విడివిడిగా కట్టి కూడుకోవచ్చు. కాబట్టి ఎక్కడ ముగ్గురాయి ఉన్నా, ఎక్కడ గుహ ఉన్నా భూమి మొత్తం లెక్క చెడదు. ఐన్‌స్టీన్ గురుత్వంలో ఆ హామీ లేదు. విశ్వశాస్త్రంలోని చిక్కంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

ఒక్కో చోట ఒక్కో వేగం

విశ్వం పుట్టిన మొదట్లో హెచ్చుతగ్గులు అతి స్వల్పం. 1992లో కోబే ఉపగ్రహం, ఆ తర్వాత డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ ఉపగ్రహాలు చదివిన ఆదిమ సూక్ష్మతరంగ కాంతిలో ఒక దిక్కుకూ ఇంకో దిక్కుకూ ఉష్ణోగ్రతలో తేడా సుమారు లక్షలో ఒక వంతే. సాంద్రత రవ్వంత ఎక్కువ ఉన్నచోట ఆకర్షణ వ్యాకోచాన్ని వెనక్కి లాగింది. అక్కడికి పదార్థం చేరింది, చేరినకొద్దీ లాగుడు పెరిగింది. తక్కువ ఉన్నచోట ఉన్నది కూడా బయటికి పోయి అక్కడ వ్యాకోచం మిగతాచోట్ల కన్నా వేగంగా సాగింది. 1,380 కోట్ల ఏళ్ళలో ఇది సాలెగూడు లాంటి నిర్మాణంగా మారింది. దారాల మీద గెలాక్సీలు, దారాల మధ్య పెద్ద పెద్ద శూన్య ప్రాంతాలు. ఈ ప్రాంతాలను ఇక్కడ బయళ్ళు అందాం. విశ్వం పరిమాణంలో సగానికి మించిన భాగం ఈ బయళ్ళదే.

అందువల్ల విశ్వం వ్యాకోచిస్తోందంటే అన్నీ వ్యాకోచిస్తున్నాయని కాదు. నల్లమల కొండలు వ్యాకోచించవు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఈ కారణంగా పెరగదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ దూరంగా పోవడానికి బదులు సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మనవైపే వస్తోంది. అంతకంటే పెద్ద మేరలో చూస్తే కన్యారాశి గెలాక్సీల గుంపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా తన ఆకర్షణతో మన చుట్టుపక్కల వ్యాకోచాన్ని మందగింపజేస్తోంది. ఆదిమ కాంతితో పోల్చి చూస్తే మన గెలాక్సీ, ఆండ్రోమెడా ఉన్న చిన్న కూటమి అంతా సెకనుకు 600 కిలోమీటర్లకు పైబడిన వేగంతో ఒక దిక్కుకు కదులుతోంది.

బయళ్ళ పాత్ర చాలాకాలం వెలుగులోకి రాలేదు. 1981లో భూతేశ రాశి దిక్కున సుమారు 33 కోట్ల కాంతి సంవత్సరాల అడ్డుకొలత ఉన్న బయలు బయటపడినప్పుడు శాస్త్రవేత్తలు విస్తుపోయారు. మన పక్కనే ఇంకొకటి ఉంది. బ్రెంట్ టుల్లీ బృందం 2008లో వేసిన లెక్క ప్రకారం ఆ స్థానిక బయలు నుంచి మన పాలపుంత సెకనుకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది. బెలుం గుహ లాంటి సంగతే ఇక్కడా. బయలు తోయదు. అటువైపు లాగేవాళ్ళు లేకపోవడమే తోసినట్టు పనిచేస్తుంది.

గుంపుల విషయంలో మన దేశపు వాటా ఒకటి చెప్పుకోవాలి. పుణేలోని ఐయూకా, ఐసర్ తదితర సంస్థల పరిశోధకులు 2017లో మీనరాశి దిక్కున 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక మహా గెలాక్సీ గుంపును గుర్తించి దానికి సరస్వతి అని పేరు పెట్టారు. అది 65 కోట్ల కాంతి సంవత్సరాల మేర పరుచుకుని ఉంది. ముప్పై నలభై కోట్ల కాంతి సంవత్సరాలు దాటిన మేరలో విశ్వం సమంగా కనిపిస్తుందని గెలాక్సీల లెక్కలు చెబుతున్నాయి. అలాంటప్పుడు ఇంత పెద్దవి ఎన్ని ఉన్నాయన్నది ఆ మాటకు నేరుగా పరీక్ష.

సగటు పెరగడం ఎలా?

పదార్థం సమంగా ఉందనుకోకుండానే వ్యాకోచాన్ని రాసే సమీకరణం మన దేశంలోనే పుట్టింది. కోల్‌కతాకు చెందిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో దాన్ని ప్రచురించారు. ఒకచోటి పదార్థం పరస్పరం దూరమవుతుందా, దగ్గరవుతుందా అన్నది అక్కడి సాంద్రత మీదా, సాగుడు మీదా, సుడి మీదా ఎలా ఆధారపడుతుందో అది చెబుతుంది. సాంద్రత, సాగుడు రెండూ కుదించేవి, సుడి అడ్డుకునేది. అంతకుముందే లెమైత్ర్ (1933), రిచర్డ్ టోల్మన్ (1934), హెర్మన్ బాండీ (1947) ఉల్లిపొరల్లాగా కేంద్రం చుట్టూ సాంద్రత మారే విశ్వాన్ని కచ్చితంగా సాధించి చూపారు. 1984లో దక్షిణాఫ్రికాకు చెందిన జార్జ్ ఎల్లిస్ సగటు ప్రశ్నను సూటిగా ముందు పెట్టారు. 2000లో థామస్ బుకర్ట్ రాయ్‌చౌధురి సమీకరణాన్నే ఒక పెద్ద ప్రాంతం మీద సగటు తీసి, ఫ్రీడ్‌మన్ సమీకరణంలో లేని ఒక అదనపు పదం వస్తుందని రాబట్టారు. వివిధ చోట్ల వ్యాకోచ వేగాల మధ్య ఎంత ఎడం ఉంటే ఆ పదానికి అంత బలం. అది వ్యాకోచాన్ని వేగవంతం చేసే దిశగా పనిచేయగలదు.

గురుత్వం లాగేదే కదా, వ్యాకోచం వేగం ఎలా పుంజుకుంటుందన్న సందేహం న్యాయమైనది. ఉదాహరణగా కొన్ని అంకెలు వేసుకుందాం. సమాన పరిమాణం గల రెండు ప్రాంతాలు ఉన్నాయి, ఒకటి గుంపు, ఒకటి బయలు. గుంపు వ్యాకోచ రేటు 10, బయలుది 70. సగటు 40. కొంతకాలానికి గుంపు రేటు సున్నాకు పడిపోయింది. బయలు రేటు కూడా 60కి తగ్గింది. కానీ ఈలోగా బయలు పెరిగి గుంపుకు నాలుగు రెట్లయింది. ఇప్పుడు పరిమాణాన్ని బట్టి సగటు తీస్తే 48 వస్తుంది. రెండుచోట్లా వేగం తగ్గింది, సగటు మాత్రం పెరిగింది! ఇందులో ఏ మాయా లేదు. వేగంగా పెరిగేది ఎక్కువ చోటు ఆక్రమించుకుంది కాబట్టి సగటులో దాని మాటే చెల్లింది.

ఈ ఆలోచనకు ఆకర్షణ ఎందుకొచ్చిందంటే, 1998లో రెండు బృందాలు దూరపు సూపర్నోవాల, అంటే పేలిపోయే నక్షత్రాల, వెలుగును కొలిచి విశ్వ వ్యాకోచం వేగం పుంజుకుంటోందని ప్రకటించాయి. దానికి 2011లో సాల్ పెర్ల్‌మట్టర్, బ్రయన్ ష్మిత్, ఆడమ్ రీస్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. దాని కారణానికి కృష్ణశక్తి అని పేరు పెట్టుకున్నాం. విశ్వంలో 68 శాతం అదేనంటున్నాం. అదేమిటో ఎవరికీ తెలియదు. అలాంటి శక్తి అక్కర్లేకుండా, పదార్థపు హెచ్చుతగ్గులతోనే సంగతి తేలిపోతే అంతకంటే కావలసిందేముంది?

ఈ దారిలో అందరికంటే ముందుకు వెళ్ళినవాడు న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ విల్ట్‌షైర్. 2007లో ఆయన ప్రతిపాదించిన నమూనాలో కాలం కూడా అంతటా ఒక్కలా నడవదు. గెలాక్సీల గోడల్లో ఉన్న మన గడియారం నెమ్మది, బయళ్ళ నడుమ గడియారం వేగం. ఆ తేడా ఇప్పటికి మూడో వంతు దాటిందని ఆయన లెక్క. వ్యాకోచం వేగం పుంజుకోవడమన్నది మన గడియారంతో చదివినందువల్ల కలిగిన భ్రమ అని ఆయన వాదన. 2024 డిసెంబరులో ఆయన బృందం పాంథియన్ ప్లస్ అనే సూపర్నోవాల పట్టికను ఈ నమూనాతో పోల్చి, కృష్ణశక్తి నమూనా కన్నా ఇది బాగా సరిపోతోందని ప్రకటించింది. పత్రికలన్నీ ఆ వార్త వేశాయి.

అయినా ఎక్కువమంది విశ్వశాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. వారి అభ్యంతరం సరైనదేనని ఈ వ్యాసకర్తకూ అనిపిస్తుంది. గెలాక్సీ గుంపుల గురుత్వపు లోతు లక్షలో ఒక వంతు పరిధిలోనిది. ఆ లోతు ఎంతో గడియారం అంతే నెమ్మదిస్తుంది కాబట్టి గడియారాల తేడా కూడా ఆ పాళ్ళలోనే ఉండాలి. 1,380 కోట్ల ఏళ్ళలో లక్షో వంతు అంటే సుమారు 1,38,000 ఏళ్ళు. దానికీ మూడో వంతుకూ పొంతనే లేదు. ఆ దూరం దాటడానికి విల్ట్‌షైర్ గడియారాల పోలికనే కొత్తగా నిర్వచించవలసి వచ్చింది. ఆ నిర్వచనం నిలుస్తుందా అన్నదే అసలు పరీక్ష.

లెక్కలు ఇప్పటిదాకా చెప్పినది

ముంబైలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో అసీమ్ పరాంజపే, టి. పి. సింగ్ 2008లో ఈ ప్రశ్నను నిశితంగా పరిశీలించారు. గురుత్వపు లోతు స్వల్పంగా ఉన్నంతవరకు, సాంద్రతలో తేడాలు ఎంత పెద్దవైనా, అదనపు పదం కృష్ణశక్తి పని చేయగలిగినంత పెరగదని తేల్చారు. 2011లో స్టీఫెన్ గ్రీన్, రాబర్ట్ వాల్డ్ ఇంకా గట్టి గణితంతో అదే మాట అన్నారు. వాళ్ళు పెట్టుకున్న షరతులు అసలు ప్రశ్నకు వర్తించవని 2015లో బుకర్ట్, ఎల్లిస్ మరికొందరితో కలిసి బదులిచ్చారు. రెండు పక్షాల వాదనలూ చదివినవారికి ఒకటి అర్థమవుతుంది: సగటు అనే మాటను రెండు పక్షాలూ ఒకే అర్థంలో వాడడం లేదు.

2016 నుంచి కంప్యూటర్లు ఈ వాదంలోకి వచ్చాయి. ఐన్‌స్టీన్ సమీకరణాలను సగటు తీయకుండా, ముక్క ముక్కకూ విడిగా సాధించే పని అప్పుడే మొదలైంది. హేలీ మాక్‌ఫర్సన్ తదితరులు చేసిన అనుకరణల్లో పెద్ద మేరలో అదనపు ప్రభావం చాలా చిన్నదిగా తేలింది, చిన్న మేరలో మాత్రం చెప్పుకోదగ్గదే. అయితే గెలాక్సీ లోపలి నక్షత్రాలదాకా దిగగల శక్తి ఆ అనుకరణలకు లేదు.

మనం ఒక పెద్ద బయలు నడిమధ్యలో ఉన్నామని, అందుకే దూరపు సూపర్నోవాలు మసకగా కనిపిస్తున్నాయని ఇంకో వాదం 2000 తర్వాత కొన్నాళ్ళు నడిచింది. అది నిజమైతే దూరపు గెలాక్సీ గుంపులన్నీ ఆదిమ కాంతితో పోలిస్తే విపరీత వేగంతో పోతూ ఉండాలి. ఆ గుర్తు దొరకలేదు. ఆ వాదం దాంతో వీగిపోయింది.

దాని చిన్న రూపం ఇంకా బతికే ఉంది. ప్లాంక్ ఉపగ్రహపు ఆదిమ కాంతి నుంచి లెక్కగడితే నేటి వ్యాకోచ రేటు మెగాపార్సెక్‌కు, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు, సెకనుకు 67.4 కిలోమీటర్లు. ఆడమ్ రీస్ బృందం దగ్గరి గెలాక్సీలతో 2022లో కొలిస్తే 73. ఈ ఎనిమిది శాతం తేడా ఎక్కడిదో తెలియడం లేదు. కీనన్, బార్జర్, కౌవీ 2013లో మన చుట్టూ 200 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పున గెలాక్సీలు పలచగా ఉన్నాయని చూపారు. పలచటి ప్రాంతంలో వ్యాకోచం ఎక్కువే కాబట్టి తేడాలో కొంత దీనివల్ల కావచ్చు. 2019లో సూపర్నోవాలతో వెతికితే అలాంటి బయలుకు ఉండవలసిన అంచు కనిపించలేదు. తేడా మొత్తాన్ని దీని ఖాతాలో వేయడం కష్టం.

కాంతి నడిచే దారి

పదార్థపు హెచ్చుతగ్గులు అసలు వ్యాకోచాన్ని మార్చకపోయినా మన చూపును మారుస్తాయి. దూరపు సూపర్నోవా కాంతి మనదాకా రావాలంటే ఎక్కువగా బయళ్ళ గుండానే రావాలి. సమంగా పరిచిన పదార్థం కాంతిని కాస్త కూడగడుతుంది. బయలు గుండా వచ్చిన కాంతికి ఆ సాయం దొరకదు, కాబట్టి వస్తువు ఉన్నదానికంటే మసకగా, దూరంగా కనిపిస్తుంది. దారిలో గుంపు తగిలితే అందుకు వ్యతిరేకంగా ప్రకాశం పెరుగుతుంది. 1964లో సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్డోవిచ్ ఈ సంగతి మొదట ఎత్తిచూపాడు. సూపర్నోవాలను విడివిడిగా తీసుకుంటే ఈ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. వేలసంఖ్యలో కలిపి చూస్తే హెచ్చూ తగ్గూ చాలావరకు చెల్లుకు చెల్లవుతాయి.

తెలుగు నేల మీద

ఆకాశంలో ఎక్కడెంత ఉందో లెక్కపెట్టే పనిలో హైదరాబాదుకు పాత చరిత్ర ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల అంతర్జాతీయ ఆకాశ పటం పనిలో పాలుపంచుకుని, తన వంతుకు వచ్చిన పట్టీల్లో ఏడు లక్షలకు మించిన నక్షత్రాల స్థానాలు నమోదు చేసింది. గాజు పలకల మీది చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచిన ఆ పని దశాబ్దాలు సాగింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సాలె మహమ్మద్ అలాదీన్ రెండు గెలాక్సీలు దగ్గరగా వచ్చినప్పుడు ఒకదాన్నొకటి ఎలా చెదరగొడతాయో, ఎలా కలిసిపోతాయో లెక్కగట్టారు. పదార్థం గుంపులు కట్టడంలో అదే ప్రాథమికమైన అడుగు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ అనువర్తిత గణిత శాఖలో డి. ఆర్. కె. రెడ్డి, వి. యు. ఎం. రావు వంటివారు చాలాకాలంగా బియాంచి నమూనాల మీద పనిచేశారు. అందులో పదార్థం సమంగానే ఉంటుంది, వ్యాకోచం మాత్రం దిక్కు దిక్కుకూ వేరు. సమత్వం, దిక్కుల సమానత్వం రెండూ వేర్వేరు ఊహలని, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని ఉంచుకోవచ్చని ఈ నమూనాల వల్ల స్పష్టమవుతుంది.

ముందున్న పరీక్షలు

ఈ ప్రశ్నను తీర్చగల ఒక పద్ధతిని 2008లో క్రిస్ క్లార్క్‌సన్, బ్రూస్ బాసెట్, తెరెసా లూ సూచించారు. విశ్వం ఫ్రీడ్‌మన్ చెప్పినట్టు సమమైనదే అయితే, దూరాలనూ వ్యాకోచ రేటునూ విడివిడిగా కొలిచి స్థలపు వంపును లెక్కగట్టినప్పుడు ఎంత దూరంలో చూసినా ఒకే జవాబు రావాలి. వేర్వేరు దూరాల్లో వేర్వేరు జవాబులు వస్తే ఊహ చెల్లనట్టే. ఇందులో కృష్ణశక్తి గురించి ముందుగా ఏమీ అనుకోనక్కర్లేదు. దీనికి లక్షల గెలాక్సీల దూరాలు కచ్చితంగా తెలియాలి. 2023 జులైలో ప్రయోగించిన యూక్లిడ్ అంతరిక్ష దూరదర్శిని, అమెరికాలో అరిజోనాలోని కిట్ పీక్ కొండమీద పనిచేస్తున్న డెసీ పరికరం ఇప్పుడు ఆ కొలతలే తీస్తున్నాయి.